రైల్వే రాజు ఊరేది?

మీరెప్పుడైనా స్టేషన్‌కి వెళ్ళి "మాల్గుడికి ఒక టికెట్ ఇవ్వండి" అని అడిగి చూడండి. కౌంటర్లో గుమాస్తా మిమ్మల్ని ఎగాదిగా చూసి, "తరవాత!" అని మీ వెనకవాణ్ణి పిలుస్తాడు. ఆయన తప్పేం లేదు. ఆ ఊరు ఏ రైల్వే మ్యాపులోనూ లేదు. ఆర్.కె.నారాయణ్ అనే పెద్దమనిషి తన బుర్రలో కట్టుకున్న ఊరది. తమాషా ఏమిటంటే, ఆయన మనసులో ఆ ఊళ్ళో అన్నిటికంటే ముందు మెదిలింది రైల్వేస్టేషనేనట! తర్వాతే వీధులూ, బడీ, సరయూ నదీ, మెంపి కొండలూ వచ్చాయి. ఆ స్టేషన్లోనే ఒక అంగడి పెట్టుకుని, దిగిన ప్రతివాడికీ ఊరు చూపిస్తూ, తెలియని సంగతిని 'తెలియదు' అనడం చేతకాక ఊరంతా "రైల్వే రాజు" అయిపోయినవాడే 'గైడ్' కథానాయకుడు.

మరి సినిమాలో రాజు ఊరేది? ఉదయ్‌పూర్! మైసూరు పక్క మనిషి రాసుకున్న కథ సరస్సుల మీదా, రాజపుత్రుల కోటల మీదా ఎందుకు తేలిందో తెలుసుకోవాలని నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక. మా బావకి నవలలు పట్టవు. కానీ 'గైడ్' సినిమా అంటే ప్రాణం. "నీ నవలా నా సినిమా రెండూ చూసొద్దాం పదవోయ్, ఏది గెలుస్తుందో అక్కడే తేలుతుంది" అన్నాడు. కార్తీకమాసంలో ఇద్దరం కాచిగూడలో మైసూరు రైలెక్కేశాం.

మైసూరులో యాదవగిరి అని ఒక పేట ఉంది. అక్కడ వివేకానంద రోడ్డులో నారాయణ్ కట్టుకున్న రెండంతస్తుల ఇల్లుంది. 2011లో దాన్ని పడగొట్టబోతుంటే జనం గోలపెట్టారు, పని ఆగింది. తర్వాత నగరపాలక సంస్థ బాగుచేయించి 2016లో మ్యూజియంగా తెరిచింది. ఆయన కోట్లు, కళ్ళజోడు, పుస్తకాలు, బహుమతులు అక్కడున్నాయి. మేడమీద గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చిన ఒక గదుంది, చుట్టూ కిటికీలే. ఆయన రాసుకునేది అక్కడేనట. బావ ఆ కిటికీలన్నిటి దగ్గరా నిలబడి చూసి, "దీన్లోంచి చూస్తే కోట కనబడదు, సరస్సు కనబడదు. రోడ్డు మీద పోయే సైకిలు కనబడుతుంది" అన్నాడు. వేళాకోళంగా అన్నాడుగానీ, నారాయణ్ సంగతంతా అందులోనే ఉంది! ఆయనకు సైకిలు చాలు.

మరో తమాషా. 'గైడ్' నవల ఆయన ఈ గదిలో కూర్చుని రాయలేదు. అమెరికాలో కాలిఫోర్నియా వెళ్ళి, బర్క్‌లీ అనే ఊళ్ళో ఒక హోటల్ గదిలో కూర్చుని రాశాడు. 1958లో అచ్చయింది. 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇంగ్లీషులో రాసిన పుస్తకానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. రాసింది ఎక్కడైనా కథ పుట్టింది మాత్రం మైసూరు ఎండలోనే. ఆ రోజుల్లో ఒకసారి ఘోరమైన కరువు వచ్చిందట. కృష్ణరాజసాగరం అడుగు కనిపించేలా ఎండిపోయింది. అడుగున ఎప్పుడో మునిగిపోయిన పాత గుడీ, కొబ్బరిమోడులూ, ఎండిపోయిన మొసళ్ళూ బయటపడ్డాయి. చివరికి మునిసిపాలిటీవాళ్ళు వానకోసం జపం పెట్టించారు. కొంతమంది బ్రాహ్మణులు ఎండిన కావేరిలో మోకాలిలోతు నీళ్ళు పోయించుకుని నిలబడి, పదకొండు రోజులు ఉపవాసం ఉండి మంత్రాలు చదివారు. పన్నెండోనాడు వాన పడింది! ఇది నారాయణ్ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి. బలవంతాన సాధువు కావలసివచ్చిన మనిషి కథ రాయాలని అప్పటికే ఆయన బుర్రలో ఉంది. ఆ కథకి ఈ వాన తోడైంది.

అందుకని మేం కృష్ణరాజసాగరానికి వెళ్ళాం. మన పాత సినిమాల్లో హీరో హీరోయిన్లు ఫౌంటెన్ల చుట్టూ పరుగెత్తిన బృందావనం ఉంది చూశారూ, అదే ఇది. మేం వెళ్ళేసరికి నీళ్ళు కట్టనానుకుని అలలు కొడుతున్నాయి. అడుగున మొసళ్ళు ఎండిపోయిన చోటంటే నమ్మబుద్ధి కాదు. కొత్త కన్నంబాడి దగ్గర నీటి ఒడ్డున ఒక గుడి ఉంది, వేణుగోపాలస్వామిది. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళలో మునిగిన గుడి. నీరు బాగా తగ్గినప్పుడల్లా పైకి కనిపించి, మళ్ళీ మునిగిపోతూ ఉండేది. ఈ మధ్య కాలంలో దాన్ని రాయి రాయి విడదీసి తెచ్చి ఇక్కడ మళ్ళీ పేర్చారు. నారాయణ్ రాసిన గుడి ఇదేనని నేను పందెం కట్టనుగానీ, అక్కడ మెట్లమీద కూర్చుంటే మాత్రం వేలన్ వచ్చి కింది మెట్టుమీద చేతులు కట్టుకుని కూర్చుంటాడేమో అనిపించింది. నవలలో రాజు సాధువయ్యేది సరిగ్గా అలాగే కదా! జైలునుంచి వచ్చి, క్షవరం చేయించుకుని, ఎక్కడికి పోవాలో తోచక ఏటి ఒడ్డున పాతగుడి దగ్గర రాతిమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంతే. వంటిమీద కాషాయం లేదు. ఊరివాడు ఒకడు నమ్మకంగా చూశాడు, వీడు సాధువైపోయాడు.

సినిమాలో అలా కాదు. నిద్రపోతున్న రాజు మీద ఒక సాధువు కాషాయపు శాలువా కప్పిపోతాడు. దాన్ని చూసి ఊరివాళ్ళు దణ్ణం పెడతారు. "అదే సినిమా అంటే! ఒక్క గుడ్డముక్కతో చెప్పేశాడు" అన్నాడు బావ. నిజమే, హాల్లో వెనక బెంచీవాడికి కూడా అర్థమైపోతుంది. కానీ బావా, గుడ్డని చూసి మోసపోవడం వేరు, మనిషిని చూసి మోసపోవడం వేరు కదా అన్నాను. "నువ్వు కాఫీ తాగు" అన్నాడు.

ఇంతకీ ఊరు ఎలా మారిందో చెప్పాలి. 'గైడ్'ని ఇంగ్లీషులోనూ హిందీలోనూ తీద్దామని దేవానంద్ నారాయణ్‌ని వెతుక్కుంటూ మైసూరు వచ్చాడు. ఇంగ్లీషు సినిమాకి రచన పెర్ల్ బక్. నోబెల్ బహుమతి పొందిన రచయిత్రి, సామాన్యురాలు కాదు. దర్శకుడు టాడ్ డానియెలెవ్‌స్కీ. నారాయణ్ సంబరపడిపోయి వీళ్ళందరినీ వెంటబెట్టుకుని మైసూరు చుట్టుపక్కలంతా తిప్పాడు. నవలలో ఉన్నట్టే ఏటి ఒడ్డు, మెట్లు, చిన్నగుడి, కొండలు, అడవి అన్నీ చూపించాడు. వాళ్ళు కూడా ఆహా ఓహో అని బోలెడు ఫోటోలు తీసుకువెళ్ళారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి చల్లగా కబురొచ్చింది, షూటింగ్ రాజస్థాన్‌లో అని! రంగుల్లో తీస్తున్నాం, తెరమీద కన్ను చెదిరేలా ఉండాలి, ఈ చిన్న చిన్న మెట్లూ గుళ్ళూ చాలవు అన్నారు. మాల్గుడి ఎక్కడుందో మాల్గుడి కట్టినవాడికి తెలియదన్నట్టే అయింది. ఆయన ఉడుక్కుని 'మిస్‌గైడెడ్ గైడ్' అని ఒక వ్యాసమే రాశాడు. దొరికితే చదవండి. కడుపుబ్బ నవ్విస్తాడు, కానీ నవ్వు వెనక దెబ్బ తగిలిన మనిషి కనిపిస్తాడు.

ఇంగ్లీషు 'గైడ్' అమెరికాలో ఎవరికీ పట్టలేదు. హిందీ 'గైడ్'కి దేవానంద్ తమ్ముడు విజయానంద్ కథని తనదైన పద్ధతిలో మళ్ళీ రాసుకుని తీశాడు. 1965 నాటి ఆ సినిమా సంగతి మీకు నేను చెప్పాలా? ఎస్.డి.బర్మన్ సంగీతం, శైలేంద్ర పాటలు, ఫలీ మిస్త్రీ కెమెరా. ఫిల్మ్‌ఫేర్ బహుమతులు ఏడు కొట్టేసింది. అందులో ఉత్తమ కథకి బహుమతి ఎవరికనుకున్నారు? నారాయణ్‌కే! నా కథ పాడుచేశారు బాబోయ్ అని మొత్తుకుంటున్నవాడికే కథ బాగుందని బహుమతి.

అన్నట్టు, నారాయణ్ కథల్ని ఆయన మెచ్చేట్టు తీసినవాడూ లేకపోలేదు. శంకర్ నాగ్ 1980లలో దూరదర్శన్‌కి 'మాల్గుడి డేస్' తీసినప్పుడు కర్ణాటకలోనే ఆగుంబె అనే వానల ఊరిని మాల్గుడి చేశాడు. అందులో కోటలూ లేవు, కొలువులూ లేవు. అరుగులూ పెంకుటిళ్ళూ సైకిళ్ళూ ఉన్నాయి. ఆ బొమ్మల్ని గీసిపెట్టినవాడు నారాయణ్ తమ్ముడు ఆర్.కె.లక్ష్మణ్.

మైసూరు నుంచి ఉదయ్‌పూర్‌కి తిన్నగా ఒక రైలుందని మీలో ఎంతమందికి తెలుసు? 2018లో వేశారు, 'ప్యాలెస్ క్వీన్ హమ్‌సఫర్' అని దానికి పేరు, వారానికొకసారి. రెండు ప్యాలెస్‌ల ఊళ్ళని కలుపుతుందని ఆ పేరు పెట్టారు కాబోలు. నా లెక్కలో మాత్రం అది నవలనుంచి సినిమాకి వేసిన రైలు. రెండు రాత్రుళ్ళు పడుతుంది. దారిపొడుగునా మట్టి ఎర్రనుంచి నలుపుకీ, నలుపునుంచి గోధుమరంగుకీ మారుతుంటే, మాట కన్నడం నుంచి మరాఠీకీ గుజరాతీకీ మారుతుంటే, ఒక కథని ఇంతదూరం మోసుకురావడం చిన్న పని కాదని ఒప్పుకోక తప్పలేదు.

ఉదయ్‌పూర్ గురించి నేను వర్ణించేదేముంది? పిచోలా సరస్సు, మధ్యలో తెల్లటి జగ్‌నివాస్ మహల్. 1963లో దాన్ని హోటలు చేశారు. 1983లో జేమ్స్ బాండ్ కూడా వచ్చి 'ఆక్టోపుస్సీ' తీసుకుపోయాడు. సాయంత్రం పూట ఒడ్డున కూర్చుంటే నీళ్ళమీద వెలుగు నిమిషానికో రంగు. నవల పక్షాన పోట్లాడుతున్న నేను కూడా పావుగంటసేపు నోరెత్తలేదు. రఫీ పాడిన ఆ ఓదార్పు పాట గుర్తుందా? రాజు రోజీని దగ్గరికి తీసుకుని ఒట్టు పెట్టినట్టు పాడతాడు, సగం చీకటి సగం వెలుగు. విజయానంద్ దాన్ని ముక్కలు ముక్కలుగా కొయ్యకుండా, నాలుగు షాట్లైనా దాటకుండా పొడుగ్గా తీశాడు. నడుస్తారు, ఆగుతారు, విడిపోతారు, మళ్ళీ దగ్గరవుతారు. కెమెరా ఓపిగ్గా వాళ్ళవెంట తిరుగుతుంది. ఆ వెలుగు రోజుకి కాసేపే ఉంటుంది కదా, దానికోసం ఎన్ని సాయంత్రాలు కాచుకున్నారో అనిపించింది ఇక్కడి ఆకాశం చూస్తే.

అయితే నాకు అసలు పరీక్ష ఉదయ్‌పూర్‌లో ఎదురవలేదు. అక్కడికి నూటపది కిలోమీటర్ల పైన ఉన్న చిత్తోడ్‌గఢ్‌లో ఎదురైంది.

కోట అంటే మన గోలకొండలాగా అనుకున్నాను. ఇది వేరు. కొండ మొత్తం కోటే. ఏడు ద్వారాలు దాటుకుని మెలికలు తిరుగుతూ ఎక్కాలి. పైన కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. రాణా కుంభా కట్టించిన తొమ్మిదంతస్తుల విజయస్తంభం ఉంది. దారిపక్కన ఆడవాళ్ళు సీతాఫలాలు అమ్ముతున్నారు. బావ బేరమాడి అరడజను కొన్నాడు. మన పాలమూరు కాయంత తీపి లేదని తీర్పు చెప్పి మొత్తం ఆయనే తినేశాడు.

మాకు ఒక గైడు దొరికాడు. అరవై దాటిన మనిషి, మెడలో కార్డు, చేతిలో గొడుగు. పద్మిని కథ, కుంభా కథ గడగడా అప్పజెప్పాడు. హైదరాబాద్ అనగానే చటుక్కున కథ మార్చి, "బాబూజీ, వహీదాజీ పరుగెత్తిన గోడ చూపిస్తాను రండి" అన్నాడు. చూపించాడు. గోడ బాగానే ఉంది. ఇంతలో ఇంకో గైడు తన మందని వెంటబెట్టుకొచ్చి వంద గజాల అవతల ఇంకో గోడ చూపించి సరిగ్గా అదే మాట చెప్పాడు! మావాడు ఏమీ తడబడలేదు. "పరుగెత్తింది కదా బాబూజీ, ఒకచోట నిలబడలేదు" అన్నాడు. నవలలో రాజు కూడా అంతే. శిథిలాలకి తన ఓపికనిబట్టీ, వచ్చినవాడి మొహాన్నిబట్టీ వయసు కట్టేవాడు. నారాయణ్ ఈయన్ని చూడకుండానే రాసేశాడు.

ఆ గోడ పక్కన నిలబడ్డాను. పక్కన చూస్తే కింద అంతా లోయ, దూరంగా పొలాలు, గాలి. సినిమాలో రోజీ అప్పుడే కాళ్ళకి మళ్ళీ గజ్జెలు కట్టుకుంది. గడ్డిబండి లారీమీద కూర్చుని, తర్వాత ఈ శిథిలాల మధ్య, ఈ గోడల అంచున, పడిపోతుందేమోనని మనకి గుండె దడదడమంటుంటే తను మాత్రం నవ్వుతూ పోతుంది. ఇదివరకు ఆ పాట వందసార్లు చూసినా గోడ ఇంత ఎత్తుందని నాకు తెలియదు. అక్కడ నిలబడితే అర్థమైంది. ఇన్నాళ్ళూ మొగుడి గుహల్లో మగ్గిన మనిషికి ఆకాశం దొరికితే ఎలా ఉంటుందో చెప్పడానికి మైసూరు దగ్గరి ఆ చిన్న మెట్లు నిజంగానే చాలవు. ఇది నేను బావతో అనలేదు. అంటే ఊరు ఊరంతా చెప్పుకుంటాడు.

ఇంకో సంగతి. నవలలో కథ చాలాభాగం చెప్పేది రాజే. రోజీని మనం వాడి కళ్ళతోనే చూస్తాం. ఆమె ఏమనుకుంటోందో వాడికి తెలిసినంతే మనకి తెలుస్తుంది. వాడికి తెలిసింది తక్కువ. ఈ గోడమీద మాత్రం రాజు పక్కకి తప్పుకున్నాడు. రోజీ మొహం మనకి నేరుగా కనిపిస్తుంది. అది వహీదా చేసిన పని. మన వహీదా అనొచ్చు మనం! చెంగల్పట్టులో పుట్టి, భరతనాట్యం నేర్చుకుని, 1955లో మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి చిందేసి ఆంధ్రదేశాన్ని ఊపిన అమ్మాయే. ఆ ఊపు చూశాకే గురుదత్ బొంబాయి తీసుకువెళ్ళాడు. 2021 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. దేవదాసీ ఇంట పుట్టి, ఎం.ఏ. చదివి, ఆట మానుకున్న మొగుడి ఇంట్లో ఊపిరాడని రోజీ పాత్రకి నాట్యం నిజంగా తెలిసిన మనిషి దొరకడం సినిమా అదృష్టం.

కానీ ఇక్కడే నాకు సినిమాతో పేచీ కూడా ఉంది. రోజీ మొగుడు మార్కో సంగతి. సినిమాలో కిశోర్ సాహూ వేశాడు. పరాయి ఆడవాళ్ళ దగ్గరికి పోతాడు, రోజీ స్వయంగా పట్టుకుంటుంది, తిడుతుంది, చచ్చిపోబోతుంది, ఆ తర్వాతే వదిలేసి వస్తుంది. అంటే ప్రేక్షకుడికి బెంగ లేదు. వాడు చెడ్డవాడు, కనుక ఈమె రావడం న్యాయమే! నవలలో మార్కో అలాంటివాడు కాడు. వాడికి రాళ్ళూ గుహల్లో బొమ్మలూ తప్ప ఇంకేం పట్టవు. తిట్టడు, కొట్టడు, తిరగడు. పక్కన పెళ్ళాం ఉన్నదని గుర్తుండదు, అంతే. ఆమె రాజుతో సంబంధం తనే ఒప్పుకున్నాక ఇక మాట్లాడడం మానేసి, స్టేషన్లో ఆమెను దింపేసి తను రైలెక్కి పోతాడు. అంత మనిషీ తర్వాత పుస్తకం రాసి, అందులో మాల్గుడి రైల్వేస్టేషన్ రాజుకి కృతజ్ఞతలు చెబుతాడు! ఆ పుస్తకాన్ని రాజు రోజీ కంటబడకుండా దాస్తాడు. ఆమె ఏదో పత్రికలో మార్కో ఫోటో చూసి కత్తిరించి దాచుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరు చెడ్డవాళ్ళు? తాగుబోతు మొగుణ్ణి, తిరుగుబోతు మొగుణ్ణి వదిలేస్తే మనం చప్పట్లు కొడతాం. ఏ తప్పూ చేయని, ఏ ప్రేమా లేని మొగుణ్ణి వదిలేస్తే కొడతామా? నారాయణ్ అడిగింది ఆ ప్రశ్న. విజయానంద్‌కి ఆ ప్రశ్న తెలియక కాదు. 1965లో హాల్లో కూర్చున్న జనం తెలుసు గనక చాకచక్యంగా తప్పించుకున్నాడు.

"తప్పించుకోకపోతే నీ రోజీ మొదటి ఆటకే చచ్చేది. ఈ గోడ దాకా వచ్చేదా?" అన్నాడు బావ. దానికి నా దగ్గర జవాబు లేదు.

దిగివస్తుంటే మా గైడు తన సంగతి చెప్పుకున్నాడు. కొడుకు ఈ పనిలోకి రానంటున్నాడట. వచ్చేవాళ్ళంతా చెవుల్లో ఫోను పెట్టుకుని కథ వినేస్తున్నారు, నన్నెవరు అడుగుతారు అంటున్నాడట. "ఫోను గోడ ఒకటే చూపిస్తుంది బాబూజీ" అన్నాడు. బావ మాట్లాడుకున్నదానికంటే వంద ఎక్కువే ఇచ్చాడు. సీతాఫలాల దగ్గర అర్ధరూపాయికి దెబ్బలాడిన మనిషి!

సినిమాలో కరువు పల్లె ఉదయ్‌పూర్‌ది కాదు, గుజరాత్‌లో లింబ్డీ దగ్గర తీశారు. అక్కడికి పోవడానికి బావకి సెలవు లేదు. అందుకని ఆఖరి ఘట్టం గురించి వాదన ఉదయ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే జరిగింది. సినిమాలో రాజు ఉపవాసం చేసి చేసి సొమ్మసిల్లుతాడు. తల్లి వస్తుంది, రోజీ వస్తుంది, పాతవాళ్ళంతా వస్తారు. లోపల దేహానికీ ఆత్మకీ వాదన జరుగుతుంది. ఆకాశం బద్దలై వాన కురుస్తుంది, జనం తడిసి గంతులేస్తారు, రాజు కన్నుమూస్తాడు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ వానకి ఒళ్ళు జలదరిస్తుంది, అబద్ధమెందుకు? నవలలో అసలు ఉపవాసం మొదలైందే పొరపాటున. వాడేదో అంటే వేలన్ తమ్ముడు, కాస్త మందబుద్ధి, దాన్ని తలకిందులుగా ఊళ్ళో చెబుతాడు. మొదట్లో వాడు దాచుకున్న తిండి కోసం గిన్నె తడుముకుంటాడు కూడా. తప్పించుకుందామని తన పాతకథంతా, మోసాలూ ఫోర్జరీ జైలుతో సహా, వేలన్‌కి రాత్రంతా చెబుతాడు. వేలన్ అంతా విని కూడా స్వామీ అనే అంటాడు. ఇక పారిపోయే దారి లేదు. అప్పుడుగానీ వాడికి, జీవితంలో మొదటిసారి, తనకేమీ లాభంలేని పనిమీద మనసు నిలవదు.

"మరి వాన?" అన్నాడు బావ.

"చదివి చూడండి" అని పుస్తకం ఇచ్చాను. రైలుకి ఇంకా గంటన్నర టైముంది. ముందునుంచి చదివే ఓపిక ఆయనకి లేదు, తిన్నగా ఆఖరి అధ్యాయం తీశాడు. టీ తెప్పించుకున్నాడు, చల్లారిపోయింది. అమెరికా నుంచి టీవీవాడు వచ్చి కెమెరా పెట్టే చోట ఫక్కున నవ్వాడు. తర్వాత నవ్వలేదు. ఆఖరి పేజీ చదివి, తిప్పి, అట్టచూసి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"తరవాత పేజీ ఏదోయ్? చిరిగిపోయిందా?"

"లేదు బావా. అంతే."

"అంతే ఏమిటి? వాన పడిందా లేదా? వాడు బతికాడా పోయాడా?"

ప్లాట్‌ఫారం మీద గంట కొట్టారు. పెట్టెలు నేనే అందుకున్నాను. బావ పుస్తకంలో వేలుపెట్టుకుని, లేచి నిలబడి, స్టేషన్ కప్పు అంచుదాకా వెళ్ళి ఒకసారి ఆకాశంకేసి చూసి వచ్చాడు.